బీపీని ఇంట్లోనే అదుపులో పెట్టుకోవడం ఎలా: మిషన్ కొనడం నుంచి ఉప్పు లెక్క, మాత్రల దాకా

బీపీ ఉన్న మనిషి మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆ గదిలో కూర్చునేది మహా అయితే పది నిమిషాలు. మిగతా తొంభై రోజులూ ఉప్పు డబ్బా, పచ్చడి జాడీ, మాత్రల అట్ట, నడక, నిద్ర అన్నీ ఇంట్లోనే ఉంటాయి. డాక్టరు ఎంత మంచి మాత్ర రాసినా, దాన్ని రోజూ వేసుకోవాల్సింది మనమే. ఇంట్లో వంటకు ఎంత ఉప్పు పడుతోందో డాక్టరుకు తెలిసే దారి లేదు. కాబట్టి ఆరోగ్యం బాధ్యత మన మీద వేసుకోవడం అంటే, బీపీ వరకు, నాలుగు పనులు: సరిగ్గా కొలవడం, రాసిపెట్టడం, ఉప్పు తగ్గించడం, మాత్ర మానకపోవడం. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వీటి గురించే.

ముందుగా ఒక అపోహ తీసేసుకోవాలి. బీపీ పెరిగితే తల తిరుగుతుందని, మెడ నరాలు లాగుతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి పై అంకె (140/90 అంటే అందులో 140) 160, 170 దాటినా చాలామందికి ఒంట్లో ఏ తేడా తెలియదు. అలా తెలియకుండానే ఏళ్ల తరబడి గుండె, మెదడు, కిడ్నీలు, కంటి నరాలు దెబ్బతింటూ ఉంటాయి. "నాకేం, బాగానే ఉన్నాను" అని మాత్ర మానేసినవాళ్లే పక్షవాతంతో ఆసుపత్రికి చేరుతుంటారు. అదే పై అంకెను ఒక 10 తగ్గించుకోగలిగితే పక్షవాతం ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని లక్షల మంది మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. పడే శ్రమకు ఇంత ఫలితం ఇచ్చేవి వైద్యంలో తక్కువ.

మిషన్ ఎలా ఎంచుకోవాలి

జబ్బకు చుట్టే డిజిటల్ మిషన్ కొనండి. మణికట్టుకు పెట్టేవి, వేలికి పెట్టేవి, చేతి గడియారాల్లో వచ్చేవి వద్దు. మణికట్టు గుండె ఎత్తుకు కాస్త అటూ ఇటూ అయినా వాటి అంకె మారిపోతుంది.

కొనేముందు రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఆ మోడల్‌ను మనుషుల మీద పరీక్షించి సరైనదని తేల్చారా లేదా అన్నది. స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ వెబ్‌సైట్‌లో అలాంటి మోడళ్ల జాబితా ఉంది. కంపెనీ పేరు ఒక్కటే చూస్తే చాలదు, మోడల్ నంబరు కూడా సరిపోవాలి. రెండోది పట్టీ కొలత. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, తప్పులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో జబ్బ చుట్టుకొలతను టైలరు టేపుతో కొలవండి. మామూలు పట్టీలు ఎక్కువగా 22 నుంచి 32 సెం.మీ. జబ్బకు పనికొస్తాయి. అంతకన్నా లావుగా ఉంటే పెద్ద పట్టీ విడిగా అడిగి తీసుకోవాలి. లావు జబ్బకు చిన్న పట్టీ బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది, మాత్ర డోసు అనవసరంగా పెరుగుతుంది. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్న బీపీ దాగిపోతుంది.

కొన్న వారంలోనే మిషన్‌ను డాక్టరు దగ్గరకో దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లి, వాళ్ల మిషన్‌తో ఒకేసారి పోల్చి చూసుకోండి. ఆ తర్వాత ఏడాదికోసారి ఇదే పని చేయాలి. ఒకటి రెండు అంకెల తేడా మామూలే. ప్రతిసారీ 5 కన్నా ఎక్కువ తేడా వస్తుంటే ముందు పట్టీని, బ్యాటరీలను అనుమానించండి. పట్టీ పాతబడి గాలి కారుతున్నా, బ్యాటరీలు నీరసించినా మిషన్ మాట నమ్మలేం.

కొలిచే పద్ధతి

మార్కెట్ నుంచి సంచులు మోసుకొచ్చి, చెమట ఆరకముందే పట్టీ బిగించి, అంకె చూసి కంగారుపడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ అంకె ఆ నిమిషానిది, మీ బీపీ అది కాదు. ఈ వరుస పాటించండి:

1. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్, బీడీ, వ్యాయామం ఉండకూడదు. ఉదయం అయితే టిఫిన్‌కు ముందు, మాత్రకు ముందు.

2. మూత్రానికి వెళ్లి రండి. మూత్రం ఆపుకుని కూర్చుంటే పై అంకె 10 దాకా పెరగొచ్చు.

3. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోండి. మంచం అంచు, స్టూలు పనికిరావు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. కాళ్లు అందకపోతే పీట పెట్టుకోండి.

4. చేతిని టేబుల్ మీద పెట్టండి. పట్టీ చుట్టిన చోటు గుండె ఎత్తులో ఉండాలి. టేబుల్ తక్కువ ఎత్తైతే కింద దిండు పెట్టుకోవచ్చు. చేయి వేలాడితే అంకె పెరుగుతుంది.

5. చొక్కా చేతిని పైకి మడిచి బిగిస్తే అదే ఒక కట్టులా పట్టేస్తుంది. చేయి బయటికి తీసేయండి. పట్టీ నేరుగా చర్మం మీదే ఉండాలి. దాని కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన, గొట్టం లోపలి వైపు కిందికి. బిగించాక రెండు వేళ్లు దూరేంత వదులు ఉంటే చాలు.

6. ఇప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ చూడొద్దు, టీవీ వద్దు, మాట్లాడొద్దు. మాట్లాడుతూ కొలిస్తే అంకె 10 దాకా ఎగబాకుతుంది. "ఎంత వచ్చింది?" అని పక్కవాళ్లు అడిగినా, మిషన్ ఆగేదాకా జవాబు చెప్పొద్దు.

7. బటన్ నొక్కండి. అంకెలు రాసుకుని, ఒక నిమిషం ఆగి, రెండోసారి కొలవండి. మొదటిది ఎక్కువ రావడం మామూలు. తక్కువ వచ్చేదాకా పదే పదే కొలిచి ఆ ఒక్కటే రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మొదటి రోజు రెండు చేతులకూ కొలవండి. ఏ చేతికి ఎక్కువ వస్తుందో ఇక మీదట ఆ చేతికే కొలవాలి. రెండింటి మధ్య తేడా ప్రతిసారీ 15 దాటుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. చేతికి వెళ్లే రక్తనాళం సన్నబడి ఉండొచ్చు. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లకు డిజిటల్ మిషన్ ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తుంది. వాళ్లు మూడేసి సార్లు కొలిచి సగటు తీసుకోవడం మేలు.

ఏడు రోజుల లెక్క

ఒక్క అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోకండి. డాక్టరును కలవడానికి ముందు వారం, లేదా మాత్ర మారిన రెండు మూడు వారాలకు, ఏడు రోజులు వరుసగా ఉదయం రెండుసార్లు, రాత్రి భోజనానికి ముందు రెండుసార్లు కొలవండి. నోటు పుస్తకంలో ఒక్కో పూటకు ఒక్కో వరస ఇలా రాస్తే చాలు: "ఉదయం 6.40, 148/92, 142/88, నాడి 76, రాత్రి నిద్ర సరిగా లేదు." చివరి మాట చాలా ముఖ్యం. జ్వరం, పెళ్లి భోజనం, నొప్పి మాత్ర, ఇంట్లో గొడవ, ఏది ఉంటే అది రాయండి.

వారం అయ్యాక మొదటి రోజు అంకెలు కొట్టేయండి. కొత్తలో ఉండే కంగారు వాటిలో ఉంటుంది. మిగిలిన ఆరు రోజుల్లో 24 రీడింగులు వస్తాయి. పై అంకెలన్నీ కూడి 24తో భాగించండి, కింది అంకెలను కూడా అలాగే. వచ్చిన సగటే మీ బీపీ.

ఆ సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బీపీ ఉన్నట్టు. ఆసుపత్రిలో కొలిచినప్పుడు ఈ గీత 140/90. ఇంటి గీత తక్కువ ఎందుకంటే, ఇంట్లో మనిషి కుదురుగా ఉంటాడు. అమెరికాలో ఉండే మనవాళ్లకు అక్కడి డాక్టర్లు 130/80 దగ్గరే బీపీ అని చెబుతారు. లెక్క కట్టే పద్ధతి వేరు, కంగారు పడనక్కర్లేదు. మాత్రలు వాడుతున్నవాళ్లలో ఎవరికి ఎంతకు దించాలన్నది వయసు, షుగరు, కిడ్నీల పరిస్థితి చూసి డాక్టరు చెప్పాలి. ఆ లక్ష్యం అంకె అడిగి నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఏళ్లుగా మాత్రలు వేసుకుంటూ తమ లక్ష్యం ఎంతో తెలియనివాళ్లు ఎంతోమంది.

ఈ వారం లెక్కతో ఇంకో లాభం ఉంది. కొందరికి తెల్లకోటు చూడగానే బీపీ పెరుగుతుంది, ఇంట్లో మామూలుగానే ఉంటుంది. ఇంకొందరికి దానికి తలకిందులు. డాక్టరు దగ్గర 130 చూపించి, ఇంట్లో రోజూ 150 ఉంటుంది. రెండో రకం ప్రమాదకరం, ఎందుకంటే వాళ్లకు బీపీ లేదని పంపించేస్తారు. ఇంట్లో కొలిస్తే తప్ప ఇది బయటపడదు.

180/120 దాటి కనిపిస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి. అప్పుడూ అంతే ఉండి, దానితో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చేయో కాలో పడిపోవడం, చూపు మసకబారడం, అంతుపట్టని గందరగోళం లాంటిది ఏదైనా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ లక్షణాలు కనిపిస్తే అంకె ఎంతున్నా ఆగొద్దు. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం నాలుగున్నర గంటలే. లక్షణాలేమీ లేకుండా అంకె మాత్రమే ఎక్కువగా ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. నాలుక కింద పెట్టుకునే మాత్రతో ఉన్నట్టుండి దించాలని చూడొద్దు. బీపీ హఠాత్తుగా పడిపోతే మెదడుకు రక్తం అందదు.

ఉప్పు: లెక్క ఇంట్లోంచే మొదలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అంటే ఒక చిన్న చెంచా, తల కొట్టి సమం చేసినంత. తెల్లవారి ఉప్మా నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా అంతా అందులోనే. మన ఇళ్లలో దీనికి రెట్టింపు వరకు తింటున్నారు.

మీ ఇంటి లెక్క తెలుసుకోవడానికి ల్యాబు పరీక్షలేమీ అక్కర్లేదు. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ వేయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, కిలో 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోయిందంటే మనిషికి రోజుకు 10 గ్రాములు పడుతున్నట్టు. చేపలు కడగడానికి, ఊరబెట్టడానికి వాడినది తీసేయండి. కానీ పచ్చళ్లు, అప్పడాలు, బయటి తిండి ఈ ప్యాకెట్‌లో లేవని మరవొద్దు.

పచ్చడి దగ్గర కాస్త ఆగాలి, మన భోజనంలో అసలు ఉప్పు గని అదే. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమానంగా పడతాయి. కిలో ముక్కలకు తలా పావుకిలో, అరలీటరు నూనె అనుకుందాం. కొలతలు ఇంటింటికీ కాస్త మారతాయి. మొత్తం రెండు కిలోల పైచిలుకు పచ్చడిలో పావుకిలో ఉప్పు, అంటే నూటికి 11 పాళ్లు. 20 గ్రాముల పెద్ద చెంచాడు వేసుకుంటే రెండు గ్రాముల పైనే ఉప్పు వెళ్లింది. రెండు పూటలా వేసుకుంటే రోజు కోటా దాదాపు అక్కడే అయిపోయింది, కూరా పప్పూ ఇంకా ముట్టనే లేదు. ఆవకాయ పూర్తిగా మానేయమంటే ఎవరూ మానరు, మానినా నెల తిరక్కుండా మళ్లీ మొదలుపెడతారు. కాబట్టి జాడీని టేబుల్ మీద పెట్టడం మానండి. గరిటె బదులు ఉప్పు చెంచా వాడండి. వారంలో రెండు పూటలు పచ్చడికి కేటాయించి, ఆ రోజు పప్పులో ఉప్పు తగ్గించండి. అప్పటికప్పుడు నూరే దోసకాయ పచ్చడి, బీరకాయ పచ్చడి, కొబ్బరి పచ్చడి నిల్వ ఉండక్కర్లేదు కాబట్టి సగం ఉప్పుతోనే రుచిగా ఉంటాయి.

అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, కోస్తాలో ఉప్పు చేప కూడా ఇదే కోవ. కందిపొడి, నల్లకారం లాంటి పొడుల్లో ఉప్పు తెలియకుండానే లోపలికి పోతుంది. వంటసోడా మరో దొంగ. అందులోనూ ఉన్నది సోడియమే. ఒక చిన్న చెంచా సోడా మూడు గ్రాముల ఉప్పుతో సమానం. కడుపుబ్బరానికి నీళ్లలో పొంగించి తాగే పొడుల్లో, నీళ్లలో కరిగే మాత్రల్లో కూడా సోడానే. వాటిని రోజూ వాడే అలవాటుంటే డాక్టరుకు చెప్పండి.

ఇక తగ్గించే పద్ధతి. మొదటి వారం ఏమీ తగ్గించకండి. రోజూ ఉదయం ఆ రోజు వంటంతటికీ కావలసిన ఉప్పు తూచి ఒక చిన్న గిన్నెలో పోయండి. అన్ని వంటలకూ ఆ గిన్నెలోంచే తీయాలి. చెంచా కొలత కన్నా తూకం నమ్మకం. గళ్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. మీ ఇంటి ఉప్పు రోజుకు 40 గ్రాములని తేలితే, తర్వాతి వారం గిన్నెలో 36 పోయండి. పై వారం 32. ఇలా వారానికి పదో వంతు తగ్గిస్తే ఇంట్లోవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. నాలుక కొత్త రుచికి అలవాటు పడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒకేసారి సగానికి కోస్తే మూడో రోజే అందరూ టేబుల్ మీద ఉప్పు డబ్బా అడుగుతారు. చాలా ఇళ్లలో ఉప్పు తగ్గించడం విఫలమయ్యేది ఇందుకే.

ముందుగా ఎవరూ గమనించని చోట్ల తీసేయండి: చపాతీ పిండి, మజ్జిగన్నం, పండ్ల ముక్కల మీద చల్లేది, కూరగాయలు ఉడికించే నీళ్లు. తెల్లన్నంలో మనం ఉప్పు వేయం, అది మనకున్న మంచి అలవాటు. కూరలో ఉప్పును మొదట్లో కాకుండా దించే ముందు వేస్తే తక్కువతోనే నాలుకకు తెలుస్తుంది. ఉప్పు తగ్గిన లోటును పులుపు బాగా పూడుస్తుంది. నిమ్మరసం, చింతచిగురు, పచ్చి మామిడి, ఉసిరి వేయండి. వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి కూడా పనికొస్తాయి. ప్యాకెట్ తిండి కొంటే వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో గుణించండి, వచ్చేది ఉప్పు. 800 మి.గ్రా. సోడియం అంటే రెండు గ్రాముల ఉప్పు.

సైంధవ లవణం, గులాబీ ఉప్పు మంచివన్న ప్రచారాన్ని నమ్మొద్దు. అవీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ ఉండదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు సంగతి వేరు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందిపై చేసి 2021లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో నిలిచిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ అనే బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం పరీక్ష చూపించి, డాక్టరు సరేనంటేనే వాడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట పరీక్ష లేకుండా ఈ ఉప్పు జోలికి వెళ్లనే వద్దు.

ఎండాకాలంలో ఒక చిక్కు వస్తుంది. చెమట పడుతోందని రోజుకు నాలుగైదు గ్లాసుల ఉప్పు మజ్జిగ తాగుతారు. నీడపట్టున ఉండేవాళ్లకు ఉప్పులేని పల్చటి మజ్జిగ, నీళ్లు చాలు. పొలంలో, కట్టుబడి పనిలో గంటల తరబడి ఎండలో ఉండేవాళ్లకు కొంత ఉప్పు అవసరమే. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్ర వాడుతూ, ఎండలో పనిచేస్తూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఒకసారి బీపీ కొలవండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతుంటే మాత్ర డోసు మార్చాల్సి ఉంటుంది.

నడక, బరువు, పొగాకు

ఇవి అందరికీ తెలిసినవే, కాబట్టి కొలతలు మాత్రం. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవాలి. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. ఒక్కో కిలో బరువు తగ్గితే పై అంకె సుమారు ఒకటి తగ్గుతుంది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటకూడదు. బొడ్డు ఎత్తులో టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవండి. పొట్ట లోపలికి బిగించొద్దు. మందు తాగేవాళ్లకు మానేసిన కొన్ని వారాల్లోనే బీపీలో తేడా కనిపిస్తుంది. సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ విషయంలో సగానికి తగ్గించడం అనే మాట లేదు, మానాల్సిందే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలు కునికిపాట్లు పడుతుంటే, నిద్రకు సంబంధించిన పరీక్ష అడగండి. మూడు రకాల మాత్రలు వాడినా దిగని బీపీకి చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

మాత్రల విషయంలో

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు, మాత్రలు కూడా ఉచితమే. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. పల్లె దవాఖానలోనో, ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో పేరు రాయించుకుంటే డబ్బు లేదని మాత్ర మానే అవసరం రాదు. ఆశా కార్యకర్తను అడిగితే వివరం చెబుతుంది.

పొద్దునా రాత్రా అన్నది పెద్ద విషయం కాదు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా చూసి 2022లో ప్రకటించిన పరిశోధనలో రెండింటికీ తేడా కనపడలేదు. మీరు మరచిపోని వేళే మంచి వేళ. పళ్లు తోముకునే బ్రష్ పక్కనో, కాఫీ గ్లాసు దగ్గరో అట్ట పెట్టుకోండి. ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా చవగ్గా దొరుకుతుంది, వేసుకున్నామా లేదా అన్న అనుమానం తీరుస్తుంది. ఒక పూట మరచిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఎప్పటిలా ఒక్కటే, రెండు కలిపి వద్దు. అట్టలో వారం మాత్రలు మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోండి. ఊరెళ్లేటప్పుడు చేతిసంచిలో పెట్టుకోండి. ఉపవాసం రోజు కూడా నీళ్లతో వేసుకోవాలి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసమైతే వేళ మార్చడం గురించి ముందే అడగండి. డాక్టరును కలిసే రోజు "అసలు బీపీ తెలియాలి కదా" అని మాత్ర మానేసి వెళ్తుంటారు. అది తప్పు. మాత్ర పనిచేస్తోందా లేదా అన్నదే డాక్టరు చూడాలి.

బీపీ 125కి దిగిందంటే అది మాత్ర వల్ల దిగింది. జబ్బు పోయిందనుకుని ఆపితే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మళ్లీ ఎక్కుతుంది. అటెనలాల్, మెటాప్రోలాల్, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరిగి ప్రమాదం. "మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయి" అన్న భయం ఊళ్లలో బలంగా ఉంది. కిడ్నీలను పాడుచేసేది అదుపులేని బీపీ. మాత్రలు వాటిని కాపాడుతాయి.

ఇబ్బందులు ఉంటాయి, వాటికి మార్గమూ ఉంటుంది. ఆమ్లోడిపిన్‌తో, ముఖ్యంగా 10 మి.గ్రా. డోసులో, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది, దగ్గు మందు తాగితే పోదు, మాత్ర మార్చాలి. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్‌తో పెద్ద వయసువాళ్లలో సోడియం పడిపోయి మగత, తడబాటు వస్తాయి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి గర్భిణులు వాడకూడదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందుగానే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. ఏ ఇబ్బంది వచ్చినా మాత్ర ఆపేసి ఊరుకోకుండా అదే వారంలో చెప్పండి.

బీపీని చాటుగా పెంచే మందులు

అన్నీ సరిగ్గా చేస్తున్నా అంకె దిగకపోతే ఇక్కడ వెతకండి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి, కిడ్నీలకు హాని చేస్తాయి. నొప్పికి పారాసెటమాల్ మేలు, అదీ చెప్పిన డోసులోనే. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఫెనైల్‌ఎఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు కూడా బీపీ పెంచుతాయి. గొంతుకు మంచిదని నమిలే అతిమధురం వారాల తరబడి వాడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిపి, పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. మూలికే కదా అనుకోవద్దు. ఆయుర్వేదం, హోమియో, ప్రొటీన్ పొడి, ఏది వాడుతున్నా నోటు పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

వారం సగటు రాసిన పుస్తకం, వాడుతున్న మాత్రల అట్టలన్నీ (పేర్లు నోటితో చెబితే పొరపాటు జరుగుతుంది), పాత రిపోర్టులు, ఏడాదికోసారి పోల్చడానికి బీపీ మిషన్ తీసుకెళ్లండి. అడగాల్సినవి ముందే రాసుకోండి: నా లక్ష్యం ఎంత, ఈ సగటుకు మాత్ర మార్చాలా, మళ్లీ ఎప్పుడు రావాలి. మాత్రలు నడుమ నడుమ మానేసి ఉంటే అది దాచకుండా చెప్పండి. దాస్తే మందు చాలడం లేదనుకుని డోసు పెంచుతారు, ఆ పెంచిన డోసును మీరు సరిగ్గా వేసుకున్న రోజు బీపీ మరీ పడిపోయి కిందపడతారు.

బీపీ ఉందని తేలిన కొత్తలో ఒకసారి, తర్వాత మామూలుగా ఏడాదికోసారి ఈ పరీక్షలు: క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్), షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ. మూత్రంలో అల్బుమిన్ పరీక్షను చాలామంది వదిలేస్తారు. క్రియాటినిన్ మామూలుగా ఉన్నప్పుడే కిడ్నీ దెబ్బతినడం మొదలైందని చెప్పేది అదే కాబట్టి అడిగి చేయించుకోండి. కంటి డాక్టరుతో కంటి వెనక పొరనూ చూపించుకోవాలి, షుగరు కూడా ఉంటే ఏటా తప్పనిసరి. టెల్మిసార్టాన్ లేదా ఎనలాప్రిల్ కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా, రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం ఒకసారి మళ్లీ చేయించాలి. 30 ఏళ్లలోపు బీపీ మొదలైతే, లేదా మూడు రకాల మాత్రలు సరిగ్గా వాడినా దిగకపోతే, కిడ్నీ రక్తనాళాలు, హార్మోన్ల గ్రంథుల్లో కారణం ఉందేమో వెతకమని అడగండి. అలాంటి కొన్ని కారణాలను సరిచేస్తే బీపీ బాగా తగ్గుతుంది, కొందరికి మాత్రల అవసరమే ఉండదు.